మొదటి రోజు అంతా మామూలే

ఎమ్మారై అంటే ఇప్పుడు తెలియనివాళ్లు లేరు. మెదడుకి ఫోటో తీసే పెద్ద గొట్టం. అదే గొట్టంలో, అదే అయస్కాంతంతో ఇంకో పని కూడా చేయించుకోవచ్చు. మెదడులో ఫలానా చోట ఏ రసాయనం ఎంత ఉందో, సూది గుచ్చకుండా, కోత పెట్టకుండా కనుక్కోవచ్చు. దాని పేరు మాగ్నెటిక్ రెసొనెన్స్ స్పెక్ట్రోస్కోపీ. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే ఎమ్మారై స్క్రీన్‌షాట్, ఇది లాగ్ ఫైల్. తెర మీద అంతా బాగానే కనిపిస్తున్నప్పుడు లోపల ఏం జరుగుతోందో చెప్పేది లాగే కదా!

చిత్రమేమిటంటే, ఈ విద్య ఎమ్మారై కంటే పాతది. అయస్కాంత క్షేత్రంలో పెట్టిన పరమాణు కేంద్రకాలు ఒక నిర్దిష్టమైన రేడియో పౌనఃపున్యానికి స్పందిస్తాయని బ్లాక్, పర్సెల్ అనే ఇద్దరు అమెరికాలో విడివిడిగా కనుక్కున్నారు. 1952లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. ఈలోగా 1950లో స్టాన్‌ఫర్డ్‌లో ప్రాక్టర్, యూ అనేవాళ్లు అమ్మోనియం నైట్రేట్‌లోని నైట్రజన్‌ని కొలిస్తే, ఒక గీత రావాల్సిన చోట రెండు వచ్చాయి. చుట్టూ ఏ పరమాణువులున్నాయనే దాన్ని బట్టి పౌనఃపున్యం రవ్వంత జరుగుతోందన్నమాట. కేంద్రకం సంగతి తేల్చుకోవాలనుకున్న భౌతికశాస్త్రజ్ఞులకి అది తలనొప్పి. రసాయనశాస్త్రానికి మాత్రం పెన్నిధి. 1951లో అక్కడే ఆల్కహాల్‌లో మూడు రకాల హైడ్రోజన్‌కి మూడు వేర్వేరు శిఖరాలు, 3:2:1 నిష్పత్తిలో చూపించారు. ఆ వ్యాసం రాసిన ముగ్గురిలో ఒకరు మన దేశస్థుడు ఎస్. ఎస్. ధర్మట్టి. తర్వాత ఆయన బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చి ఇక్కడ ఈ పరిశోధనకి పునాది వేశారు.

గాజు గొట్టంలోని ఆల్కహాల్ నుంచి బతికున్న మనిషి మెదడు దాకా రావడానికి ముప్ఫై ఏళ్లు పట్టింది. నాకు బాగా నచ్చిన ఘట్టం లండన్‌లోది.

1980ల మొదట్లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ల దగ్గరున్న యంత్రం చాలా ఇరుకు. పెద్దవాళ్ల చెయ్యో కాలో తప్ప పట్టదు. కానీ అప్పుడే పుట్టిన బిడ్డ పడుతుంది! పసిపిల్లల వైద్యుడు ఆస్మండ్ రేనాల్డ్స్ బృందం తలకి చిన్న తీగచుట్ట ఆనించి, మెదడులోని ఫాస్ఫరస్ సంకేతాలు పట్టింది. 1983లో లాన్సెట్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. ఫాస్ఫోక్రియాటిన్ అంటే కణం దాచుకున్న శక్తి. అది తగ్గి, మామూలు ఫాస్ఫేట్ పెరిగిందంటే కణం అప్పుల్లో పడిందని అర్థం.

పురిట్లో ఊపిరాడక ఇబ్బంది పడ్డ పిల్లల్ని చూస్తే వింత విషయం బయటపడింది. మొదటి రోజు లెక్కలు చాలామందిలో మామూలుగానే ఉన్నాయి. ఆ తర్వాతి రోజుల్లో, ఆక్సిజన్ బాగానే అందుతున్నా, శక్తి పడిపోయింది. బాగా పడిపోయిన పిల్లలు చనిపోయారు, లేదా మెదడు దెబ్బతిని మిగిలారు.

అంటే దెబ్బ ఒక్కటి కాదు, రెండు. వాటి మధ్య కొన్ని గంటల ఖాళీ ఉంది. అప్పటిదాకా పుట్టగానే ఏడవని బిడ్డ విషయంలో జరగాల్సింది జరిగిపోయింది అనుకునేవారు. ఇంకా జరగలేదు, ఇప్పుడే ఏదైనా చెయ్యాలి అని ఆ గీతలు చెప్పాయి.

ఏం చెయ్యాలి? చల్లబరచాలి. 1995లో లండన్ వాళ్లే పందిపిల్లల మీద చూసి, ఒంటిని కొద్దిగా చల్లబరిస్తే రెండో దెబ్బ తగ్గుతోందని చెప్పారు. 2005లో సీత శంకరన్ నాయకత్వంలో అమెరికాలో 208 మంది శిశువులతో పరీక్ష జరిగింది. పుట్టిన 6 గంటల లోపు మొదలుపెట్టి 72 గంటలు 33.5 డిగ్రీల దగ్గర ఉంచారు. మరణం లేదా వైకల్యం 62 శాతం నుంచి 44 శాతానికి తగ్గింది. ఇప్పుడు సంపన్న దేశాల్లో ఇది మామూలు వైద్యం.

కథ ఇక్కడ ఆపేస్తే బాగుండేది. కానీ 2021లో భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో 408 మంది శిశువులతో చేసిన హెలిక్స్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. చల్లబరచిన పిల్లల్లో 42 శాతం చనిపోయారు, చల్లబరచని వాళ్లలో 31 శాతం. అక్కడ ప్రాణం పోసిన వైద్యం ఇక్కడ ప్రాణం తీసిందా? కారణం మీద చర్చ ఇంకా సాగుతోంది. మన దగ్గర చాలామంది పిల్లలకి దెబ్బ పురిటికి ముందే మొదలై ఉండొచ్చని, అప్పుడా 6 గంటల లెక్క పనికిరాదని ఒక వాదన.

స్పెక్ట్రోస్కోపీ మాత్రం తన పని మానలేదు. 2019లో బ్రిటన్, అమెరికాల్లో 223 మంది శిశువులతో చేసిన అధ్యయనంలో, మెదడు లోపలి థాలమస్‌లో ఎన్-ఎసిటైల్ ఆస్పార్టేట్ అనే ఒక్క రసాయనాన్ని కొలిస్తే, ఆ బిడ్డ రెండేళ్ల వయసుకి ఎలా ఉంటుందో మామూలు ఎమ్మారై కంటే బాగా చెప్పగలిగారు.

లండన్ వాళ్లు ముందు కొలిచారు, ఆ తర్వాతే మందు వెతికారు. మందు మనదాకా త్వరగానే వచ్చింది. మన పిల్లల మెదడులో గడియారం ఎప్పుడు మొదలవుతుందో కొలిచే పని మాత్రం మన దగ్గరే జరగాలి. అది దిగుమతి చేసుకునే వస్తువు కాదు.