పెరటి నిప్పు - ఇనుప ఊచలు

వంటల చరిత్ర వ్రాసినవారు పలువురు కలరు. వంట ముగిసిన పిమ్మట పాత్ర తోమినవారి చరిత్ర వ్రాసినవారు అరుదు. ఒక పనిముట్టు చరిత్రలో దానిని వాడిన చేతులకెంత చోటు కలదో, శుభ్రపరచిన చేతులకును అంత చోటు ఉండవలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పెక్కు ఇండ్ల పెరళ్లలో కనిపించు బార్బెక్యూ గ్రిల్లు ఇందుకు మంచి తార్కాణము. దానిని తోముట అను పని ఎట్లు పుట్టినదో, ఏ మలుపులు తిరిగినదో ఇప్పుడు పరిశీలింతము.

బార్బెక్యూ అను మాటకు మూలము కరిబియన్ దీవుల తైనో జాతివారి భాషలో కలదని పండితుల అభిప్రాయము. మొదట అది వంటకము పేరు కాదు. కఱ్ఱలతో నేలకు ఎత్తుగా కట్టిన మంచె పేరు. ఆ మంచెపై ధాన్యము దాచవచ్చును, పండుకొనవచ్చును, క్రింద నిప్పు వేసి చేపను కాల్చవచ్చును. ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ 1697లో ప్రకటించిన యాత్రాగ్రంథములో, సుమారు 3 అడుగుల ఎత్తున కట్టిన కఱ్ఱమంచెలపై రాత్రి గడపిన సంగతి చెప్పుచు ఈ మాటనే వాడెను. అంతకు పూర్వమే, 1591లో, తియొడోర్ ద బ్రీ అచ్చువేసిన చిత్రములలో ఫ్లోరిడా ఆదివాసులు ఇట్టి మంచెపై చేపలకును, జంతువులకును పొగ పట్టించు దృశ్యము ఒకటి కలదు.

కఱ్ఱమంచెకు తోముట అను బాధ లేదు. మాడినచో దానినే నిప్పులో వేసి మఱియొకటి కట్టుకొనవచ్చును. 18వ శతాబ్దిలో వర్జీనియా ప్రాంతమున బార్బెక్యూ పెద్ద విందుగా మాఱినది. 1769 మే నెలలో అలెగ్జాండ్రియాలో ఇట్టి విందుకు వెళ్లినట్లు జార్జి వాషింగ్టన్ తన దినచర్యలో వ్రాసికొనెను. ఆ కాలపు విందులలో నేలలో పొడవైన గోయి త్రవ్వి, కట్టెలు కాల్చి, ఆ నిప్పులపై మాంసమును గంటల తరబడి కాల్చెడివారు. గోయి త్రవ్వుట, నిప్పు కాచుట, పిదప ఆ చోటును బాగుచేయుట, ఇవి యన్నియు ఎక్కువగా బానిసత్వమున మ్రగ్గుచున్న ఆఫ్రికన్ సంతతివారి పాలబడినవి. విందుకు వచ్చిన దొరల పేర్లు దినచర్యలలో నిలిచినవి. వీరి పేర్లు చాలవఱకు నిలువలేదు. నేటి బార్బెక్యూ విద్య మాత్రము వారి చేతులలోనే పక్వమైనది.

ఈ విందు సామాన్య గృహస్థుని పెరటిలోనికి వచ్చుటకు రెండు సాధనములు కావలసివచ్చినవి: చిన్న కొలిమి, దానికి తగిన బొగ్గు. పొడిబొగ్గును అదిమి బిళ్లలుగా చేయు పద్ధతికి పెన్సిల్వేనియా వాసి ఎల్స్‌వర్త్ జ్వోయర్ 1897లో పేటెంటు పొందెను. 1920 ప్రాంతమున మోటారుకార్ల తయారీదారు హెన్రీ ఫోర్డు, కార్ల చట్రములకు వలయు కఱ్ఱకొఱకు మిషిగన్ రాష్ట్రములో అడవులను కొనెను. అందు ఆయనకు తోడ్పడిన బంధువు ఎడ్వర్డ్ కింగ్స్‌ఫర్డ్. అచటి కోతమిల్లులో మిగిలిన కఱ్ఱముక్కలను వృథా పోనీయక బొగ్గుబిళ్లలుగా మార్చి, ఫోర్డు కార్లమ్ము దుకాణములలోనే విక్రయింపజేసెను. కింగ్స్‌ఫర్డ్ పేరు ఆ బొగ్గుకు తరువాత స్థిరపడినది.

రెండవ ప్రపంచయుద్ధానంతరము నగరముల వెలుపల పెరడు గల చిన్న యిండ్లు వేలకొలదిగా వెలసినవి. కాని మూతలేని పొయ్యిపై గాలి వీచినపుడెల్ల బూడిద లేచి మాంసముపై పడుచుండెను. చికాగో సమీపమున వెబర్ సోదరుల లోహపు కర్మాగారములో పనిచేయుచుండిన జార్జి స్టీఫెన్ 1952లో దీనికి ఉపాయము కనిపెట్టెను. నీటిలో తేలు గుర్తుబుడ్లకై ఆ కర్మాగారమున చేయు అర్ధగోళములలో ఒకదానిని పొయ్యిగాను, మఱియొకదానిని మూతగాను అమర్చి, గాలికి రంధ్రములు పెట్టెను. గుండ్రని గ్రిల్లు ఇట్లు జన్మించినది.

మూత వచ్చినది, దానితో శుభ్రత భారమును వచ్చినది. మంచెవలె ఇనుమును పారవేయలేము. ఊచలపై క్రొవ్వు మాడును. మూతలోపల పొగయు జిడ్డును పేరుకొని నల్లని పెచ్చులుగా ఊడును. రంగు లేచిపోవుచున్నదని కొందఱు భ్రమపడుదురు. అది పేరుకొన్న మసి మాత్రమే. వేడి పూర్తిగా తగ్గిన తరువాత రాచి తుడిచినచో పోవును. ఊచలను మాత్రము వేడిగా ఉన్నపుడే గీకుట మేలు; చల్లారిన జిడ్డు గట్టిపడును. పోతయినుప ఊచలకు పలుచగా నూనె రాచి కాచినచో, ఆ నూనె గట్టి పొరగా మాఱి త్రుప్పును ఆపును. మన యింట దోసెలపెనమునకు నూనె రాచి ఉల్లిపాయ ముక్కతో రుద్దు గృహిణికి ఈ రహస్యము క్రొత్తది కాదు.

బూడిద సంగతి మఱింత చిత్రమైనది. మన పూర్వులు బూడిదతో పాత్రలు తోమిరి. అందలి క్షారము జిడ్డును విడగొట్టును. ఆ క్షారమే తేమ తగిలిన బూడిదలో నిలిచి గ్రిల్లు అడుగును తినివేయును. కనుక వానకు ముందే దానిని తీసివేయవలెను. పైకి చల్లగా కనిపించు బూడిదలో నిప్పురవ్వ దాగియుండవచ్చును. మూతగల లోహపు డబ్బాలోనే వేసి, పూర్తిగా ఆఱిన పిదప పారవేయవలెను.

1960 దశాబ్దిలో గ్యాసు గ్రిల్లులు వ్యాపించినవి. బూడిద పోయినది గాని, క్రొవ్వు పళ్లెములో నిలిచి అంటుకొను ప్రమాదము మిగిలినది. పళ్లెమును తఱచుగా ఖాళీ చేయవలెను. గొట్టము అతుకులకు సబ్బునీరు రాచి చూచినచో, బుడగలు లేచిన చోట గ్యాసు కాఱుచున్నదని తెలియును.

తోముటకు వాడు సాధనమే హాని చేసిన ఘట్టము ఈ చరిత్రలో చివరిది. తీగకుంచె నుండి ఊడిన సన్నని తీగముక్క ఊచకు అంటుకొని, మాంసముతో కలసి గొంతులోనికి పోవుట కలదు. రోడ్ ఐలండ్‌లో 2011, 2012 సంవత్సరములలో ఇట్లు గాయపడిన 6గురి వృత్తాంతమును అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2012లో ప్రకటించినది. కొందఱికి తీగముక్క గొంతులో గ్రుచ్చుకొనగా, కొందఱికి ప్రేగులలో గ్రుచ్చుకొనినది. 2002 నుండి 2014 వఱకు అత్యవసర వైద్యము పొందినవారు దేశమంతట సుమారు 1,700 మంది యుందురని 2016లో వెలువడిన ఒక పరిశోధన లెక్కగట్టినది. తీగకుంచె వాడినవారు పిదప తడిగుడ్డతో ఊచలను తుడిచి, కంటితో పరికించుట అవసరము. తీగలులేని గీకుడు సాధనమైనచో ఈ భయమే లేదు.

1965 నాటి వలసచట్టము పిదప అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ననేకులకు నేడు పెరటి గ్రిల్లు పరిచితమైన వస్తువే. వేసవిలో బంధుమిత్రులు కూడినపుడు దానిపై మొక్కజొన్నపొత్తులు కాలును, మసాలా పట్టించిన కోడిమాంసము కాలును. అతిథులు వెడలిన తరువాత నిప్పు ఆఱినదాకా వేచి, ఊచలు తుడిచి, బూడిద ఎత్తువారు ఆ యింట ఎవరో ఒకరు ఉందురు. మఱునాటి విందుకు వచ్చు పిల్లల క్షేమము వారి చేతిలోనే యున్నది. విందును మెచ్చుకొనునపుడు వారిని గూడ తలచుకొనుట న్యాయము.