ఒకే వరుస రెండుసార్లు: కెర్నెల్ కన్సోల్ కథ

లినక్స్ నడిచే చిన్న బోర్డుకు సీరియల్ కేబుల్ తగిలించి పవర్ ఆన్ చేస్తే తెర మీద వరుసలు పరుగులు తీస్తాయి. చాలాసార్లు మధ్యలో ఒకచోట 'కన్సోల్ టీటీవైఎస్0 ఎనేబుల్డ్' అన్న వరుస రెండుసార్లు పడుతుంది. ఆ వెంటనే 'బూట్‌కన్సోల్ డిజేబుల్డ్' అన్నదీ రెండుసార్లు. ప్రతి జంటలోనూ టైమ్‌స్టాంప్ మైక్రోసెకనుతో సహా ఒకటే. కొత్తవాళ్లు ఏదో చెడిపోయిందనుకుంటారు. కానీ ఆ జంట వరుసలు తెలిసే పెట్టినవి.

కెర్నెల్ తన గోడు కన్సోల్‌కు చెప్పుకోవడం యూనిక్స్ నాటి అలవాటు. 1975లో వచ్చిన ఆరో ఎడిషన్‌లో కెర్నెల్ ప్రింట్‌ఎఫ్ నేరుగా కన్సోల్ టెలిటైప్‌కు రాసేది. రాస్తున్నంతసేపూ మిగతా పనులు దాదాపు ఆగిపోయేవి. అందుకే దీన్ని కబుర్లకు వాడొద్దని కోడ్‌లోనే హెచ్చరిక రాసిపెట్టారు. అప్పటికి కెర్నెల్ చెప్పిన మాటను దాచుకునేది కాదు కాబట్టి తిరిగి చెప్పే ప్రశ్నే లేదు. 1979 నాటి ఏడో ఎడిషన్ చివరి కొన్ని అక్షరాలను మెమరీలో దాచడం మొదలుపెట్టింది. దాచుకున్న మాటను మళ్లీ వినిపించే వీలు అక్కడే పుట్టింది.

1991లో హెల్సింకీలో లినస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన మొదటి లినక్స్‌లోనే కెర్నెల్ సందేశాలు రాసే 'ప్రింట్‌కే' ఉంది. క్రమంగా దానికి సున్నా నుంచి ఏడు దాకా తీవ్రత స్థాయిలు, సందేశాలు దాచే రింగ్ బఫర్ అమరాయి. కన్సోల్ డ్రైవర్ ఆలస్యంగా మేల్కొన్నా, అప్పటిదాకా బఫర్‌లో చేరిన వరుసలన్నీ దానికి మొదటినుంచీ వినిపించే ఏర్పాటు వచ్చింది.

చిక్కు అక్కడే మొదలైంది. కొత్త బోర్డు డ్రైవర్ లేచేలోపే కుప్పకూలితే కారణం తెలిసేదెలా? అందుకోసం, ఏమీ సిద్ధం కాకముందే సీరియల్ పోర్టులోకి అక్షరాలు నెట్టే బూట్ కన్సోల్‌ను తెచ్చారు. కాసేపటికి అదే పోర్టుకు అసలు డ్రైవర్ వస్తుంది, బఫర్ మొత్తం మొదటినుంచీ కావాలంటుంది. దాంతో చూసిన వరుసలన్నీ మళ్లీ ప్రత్యక్షం. 115200 బాడ్ వేగంలో సెకనుకు సుమారు 11,500 అక్షరాలే వెళ్తాయి. 80 అక్షరాల వరుసకు 7 మిల్లీసెకన్లు. కొన్ని వందల వరుసలు తిరిగి రాస్తే బూట్ సెకన్ల కొద్దీ ఆలస్యమవుతుంది.

రెండు కన్సోళ్లూ ఒకే పోర్టువో కాదో తేల్చుకునే దారి కెర్నెల్‌కు లేదు. అందుకే, బూట్ కన్సోల్ ఉంటే అసలు కన్సోల్‌కు పాత వరుసలు తిరిగి వినిపించకూడదని నియమం పెట్టారు. మరి రెండూ వేర్వేరు పోర్టులైతే? మొదటి వరుసలు వేరేచోట ఉన్నాయని చూసేవారికి తెలియాలి. అందుకే కొత్తదాన్ని ముందు లేపి, ఆ తర్వాతే పాతదాన్ని ఆపుతారు. అప్పగింత కబురు రెండింటిలోనూ పడుతుంది. పోర్టు ఒకటే అయితే అది రెండుసార్లు కనిపిస్తుంది.

ఇంకో చిక్కు మిగిలింది. ఎన్ని కన్సోళ్లున్నా, ఎక్కడిదాకా రాశామన్న లెక్క అన్నిటికీ కలిపి ఒకటే ఉండేది. కొత్త కన్సోల్ కోసం దాన్ని వెనక్కి తిప్పినప్పుడు మిగతావాటి నోరు నొక్కేవారు, లేకపోతే అవీ పాత పాట అందుకుంటాయి. కానీ ఆ కాసేపట్లో కొత్తగా వచ్చిన సందేశాలు నోరు నొక్కిన కన్సోళ్లకు అందకుండా పోయేవి. జంట వరుసలను ఆపబోతే అసలు వరుసలే మాయమయ్యాయన్నమాట. దీనికీ తర్వాత విడిగా మరమ్మతు చేయాల్సి వచ్చింది.

2012లో 3.5 వెర్షన్‌లో కే సీవర్స్ లాగ్‌ను అక్షరాల ప్రవాహంగా కాక, వరుస సంఖ్యలున్న రికార్డులుగా మార్చారు. 2020 డిసెంబరులో వచ్చిన 5.10లో జాన్ ఓగ్నెస్ తాళం అవసరం లేని రింగ్ బఫర్‌ను తెచ్చారు. 2022లో 5.19తో ప్రతి కన్సోల్‌కూ సొంత వరుస సంఖ్య వచ్చింది. ఒకే పుస్తకం నలుగురు చదువుతుంటే ఎవరి పేజీ గుర్తు వారే పెట్టుకున్నట్టు. ఒకరి కోసం ఇంకొకరి చదువు ఆపక్కర్లేదు.

ఈ చరిత్ర తెలిస్తే మరమ్మతు తేలిక. అప్పగింత కబురు కాక మిగతా జంట వరుసల టైమ్‌స్టాంప్ ఒకటే అయి, కెర్నెల్ లాగ్ చూపే డీమెసేజ్‌లో ఒక్కసారే కనిపిస్తే, లోపం కన్సోళ్ల అమరికలో ఉంది. బూట్ కన్సోల్‌ను ఆపకుండా ఉంచే 'కీప్ బూట్‌కాన్' అన్న ఆప్షన్ బూట్ కమాండ్‌లో మిగిలిపోయిందేమో ముందు చూడాలి. టైమ్‌స్టాంపులు వేరైతే డ్రైవరే రెండుసార్లు చెబుతోంది. అప్పుడు ఆ కోడ్‌నే సరిదిద్దాలి, లేదా ఒకసారే పలికే, వేగం అదుపులో ఉంచే ప్రింట్‌కే రూపాలు వాడాలి.

ఇప్పటి కెర్నెల్ అప్పగింతకు ముందు పెండింగ్ వరుసలన్నీ రాసేయాలని చూస్తుంది. అది కుదరకపోతే బూట్ కన్సోళ్లలో అన్నిటికన్నా వెనకబడినది ఆగినచోటి నుంచి కొత్తదాన్ని మొదలుపెడుతుంది. కొన్ని వరుసలు రెండోసారి పడినా సరే, ఒక్కటీ పోకూడదన్నది దాని లెక్క. రెండోసారి పడిన వరుస కొన్ని మిల్లీసెకన్లు తింటుంది. పోయిన వరుస మాత్రం యంత్రం ఎందుకు కూలిందో చెప్పే ఏకైక సాక్ష్యం కావచ్చు. జంట వరుసలను సరిచేసేవారెవరైనా ముందు చూసుకోవాల్సింది ఈ తూకమే.