కాంటాక్ట్ లెన్స్‌తోనే నిద్రపోతున్నారా? కార్నియాకే ముప్పు!

లెన్స్ తీయకుండానే కునుకు తీస్తున్నారా? అయితే ఈ విషయం తెలుసుకోవాల్సిందే. నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పొరే కార్నియా. దీనికి రక్తనాళాలు ఉండవు. ఆక్సిజన్ ఎక్కువగా గాలి నుంచే అందుతుంది. లెన్స్‌తో కళ్లు మూస్తే అది తగ్గిపోతుంది.

అలా నిద్రపోతే ఇన్ఫెక్షన్ ముప్పు 6 నుంచి 8 రెట్లు పెరుగుతుందని అమెరికా సీడీసీ చెబుతోంది. లెన్స్‌ను కుళాయి నీళ్లతో కడిగినా డేంజరే. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను దెబ్బతీస్తుంది. పుండు మానినా మచ్చ మిగిలితే చూపు మసకే. మరీ ముదిరితే దాత ఇచ్చిన కార్నియా అమర్చాల్సి వస్తుంది. దాన్నీ శరీరం తిరస్కరించవచ్చు.

అందుకే పడుకునే ముందు, స్నానానికి ముందు లెన్స్ తీసేయండి. సొల్యూషన్ రోజూ మార్చండి. కన్ను ఎర్రబడి నొప్పిగా ఉంటే లెన్స్ తీసి, వెంటనే కంటి డాక్టర్‌ను కలవండి.