కమానుకు తగిన జోడు

వాహనముల చరిత్ర వ్రాయువారు ఇంజను బలమును, వేగమును కొనియాడుదురేగాని, ప్రయాణికుని నడుమును కాపాడు కమాను కట్టను, దాని ప్రక్కన మౌనముగా పనిచేయు షాక్ అబ్సార్బరును తలచుట అరుదు. ఈ రెంటి పొందిక ఒక్కనాట కుదిరినది కాదు.

1804లో ఆంగ్లేయుడైన ఒబదయా ఎలియట్ గుఱ్ఱపు బండ్లకు దీర్ఘవృత్తాకారపు ఉక్కు కమానులను అమర్చు పద్ధతికి పేటెంటు పొందెను. నాటి వేగమునకు, పట్టీలు ఒకదానితో నొకటి రాచుకొనుటవలన కలుగు ఒరపిడియే ఊపు నణచుటకు చాలినది. మోటారు వచ్చి వేగము హెచ్చగానే అది చాలదయ్యెను. గోతిలో అణగిన కమాను తాను దాచుకొనిన శక్తిని తిరిగి విడుచును. దానిని హరించు సాధనము లేనిచో చక్రము నేల విడిచి గంతులు వేయును. నేల విడిచిన చక్రము బ్రేకునకును లొంగదు, స్టీరింగునకును లొంగదు.

ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఫ్రాన్సు దేశీయుడు ట్రూఫో ఒరపిడి బిళ్లలతో ఊపు నణచు సాధనమును కల్పింపగా, ఎడ్వర్డ్ హార్ట్‌ఫర్డ్ దానిని అమెరికాలో వ్యాప్తికి తెచ్చెను. ఊపు మెల్లనిదైనను తీవ్రమైనదైనను దాని ప్రతిఘటన ఇంచుమించు ఒక్కటియే యగుట అందలి లోపము. సన్నని రంధ్రములగుండ నూనెను నెట్టు సాధనము అట్టిది కాదు; ఊపు వేగము పెరిగినకొలది దాని పట్టును పెరుగును. ఫ్రెంచివాడైన మారిస్ హూడాయ్ పేర వెలసిన అట్టి సాధనములు 1927 డిసెంబరులో వెలువడిన ఫోర్డు మోడల్ ఏ కారునకు అమర్పబడినవి.

ఈ చరిత్ర మనకు దూరమైనది కాదు. బెంగాలునందలి ఉత్తరపారాలో తయారై, దశాబ్దములపాటు కేంద్ర ప్రభుత్వ కార్యాలయముల ముంగిట నిలిచిన అంబాసిడరు కారు వెనుక ఇరుసునకు కమాను కట్టలే ఆధారము. 2014లో దాని ఉత్పత్తి ఆగినది. నేడు ఆ కారును మక్కువతో బాగుచేయించుకొనువారిలో కొందఱు, వెనుకభాగము క్రుంగినదని అదనపు పట్టీ వేయింతురు. షాక్ అబ్సార్బరును మాత్రము పాతదానినే ఉంచుదురు. పొరపాటు ఇచ్చటనే కలదు.

లెక్క సులభమైనదే. బరువు మారక, కమాను బిగువు 1.44 రెట్లైనచో, ఊపుల సంఖ్య దాని వర్గమూలమైన 1.2 రెట్లగును. పూర్వపు నిలుకడ కావలెనన్న షాక్ అబ్సార్బరు పట్టును 1.2 రెట్లు చేయవలెను. అది తక్కువైనచో కారు ఊగుచునే యుండును. మితిమీరినచో, అణగిన కమాను తిరిగి లేవకమునుపే మఱియొక గోయి ఎదురై, కారు అంతకంతకు క్రిందికి దిగును. కారు ఎత్తు పెరిగినప్పుడు షాక్ అబ్సార్బరు నిడివిని సైతము సరిచూడవలెను. పొట్టిదైనచో చక్రము గోతిలో దిగిన ప్రతిసారియు అది తుదివఱకు లాగబడి చెడిపోవును.

కావున కమాను మార్పించినవారు అంతటితో పని ముగిసినదని తలపరాదు. బలమును పెంచుటకు ఒక పట్టీ చాలును. ఆ బలమును అదుపులో నుంచు ఉపాయమునకై మానవుడు నూఱేండ్లకు పైగా శ్రమించెను.