పరదేశములకు బోవు నర్సులు: లైసెన్సు, వీసా

మన పల్లెలలో నర్సు చదువు ముగించిన ఆడపిల్లలు నేడు పెక్కుమంది కలరు. అట్టి యిండ్లలో తరచుగా వినవచ్చు ప్రశ్న యొకటి: "మా అమ్మాయి అమెరికా పోవలెనన్న ఏమి కావలెను?" దళారి వచ్చి, "ఒక్క పరీక్ష నెగ్గిన చాలునండీ" అనును. ఆ మాట నమ్మి పొలము తాకట్టు పెట్టుటకు సిద్ధపడు తండ్రులును కలరు.

పెద్దలారా, ఆ యింటికి తలుపు ఒకటి కాదు, రెండు. నర్సుగా పనిచేయుటకు హక్కునిచ్చు లైసెన్సు ఒకటి. ఆ దేశమున అడుగిడుటకు హక్కునిచ్చు వీసా మరియొకటి. మొదటిదానిని ఇచ్చువారు అమెరికాలోని ఆయా రాష్ట్రముల నర్సింగు బోర్డులవారు. రెండవదానిని ఇచ్చువారు అచటి కేంద్రప్రభుత్వమువారు. ఒకరి తలుపు తెరచియున్నదా, మూసియున్నదా యని రెండవవారు విచారింపరు. ఈ రెండు తలుపులును ఏకకాలమున తెరచియున్న దినములు ఎంత స్వల్పములో ఫిలిప్పీను దీవుల నర్సుల చరిత్రను జూచినచో తేటపడును. మనకంటె ముందుగా ఆ దారిని నడచినవారు వారే.

లైసెన్సు అను కట్టుబాటు పరదేశీయులను అడ్డగించుటకై పుట్టినది కాదు. 1860వ సంవత్సరమున లండనులో నైటింగేలు పేర నర్సుల పాఠశాల వెలసినది. అయినను చదివిన నర్సుకును చదువని పరిచారికకును భేదము చూపు పట్టిక ఏదియు లేకుండెను. ఎవరైనను తాను నర్సునని చెప్పుకొని రోగి పక్కను చేరవచ్చును. ఈ దురవస్థను మాన్పుటకు ఫెన్విక్ అను నావిడ 1887 మొదలు ముప్పదియేండ్లకు పైగా పోరాడెను. విచిత్రమేమనగా ఆమెను ఎదిర్చినవారిలో నైటింగేలమ్మయే ముఖ్యురాలు. సహనము, సద్భావము మున్నగు గుణములను పరీక్షలో తూచుట సాధ్యము కాదని ఆమె వాదము. ఆయువంతయు పరీక్షాపత్రములు దిద్దినవాడను గనుక ఆ వాదమున సత్యము లేకపోలేదని నాకు తోచును. అయినను రోగి ప్రాణము గుణములతో పాటు విద్యనుగూడ కోరును గదా! న్యూజీలండు 1901లో అన్ని దేశములకంటె ముందుగా నర్సుల పట్టికకై చట్టము చేసెను. ఇంగ్లండులో 1919లో ఆ చట్టము నెగ్గెను. పట్టికలో మొదటి పేరు ఫెన్విక్ గారిదే. మన చెన్నరాజధానిలో 1926లో అట్టి చట్టమే వచ్చెను. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు ఆ రాజధానిలోనివే.

అమెరికాలో మాత్రము దేశమంతటికి ఒక్క పట్టిక ఏర్పడలేదు. 1903లో ఉత్తర కెరొలైనా మొదలుపెట్టగా తక్కిన రాష్ట్రములు ఒకదాని వెంట నొకటి తమతమ చట్టములు చేసికొనెను. తరువాతి కష్టములకు బీజము ఇచటనే పడినది.

1898లో స్పెయినును ఓడించి అమెరికావారు ఫిలిప్పీను దీవులను కైవసము చేసికొనిరి. 1906లో ఇలోయిలో పట్టణమున నర్సుల పాఠశాలను నెలకొల్పిరి. బోధన ఇంగ్లీషున, పద్ధతి అమెరికావారిది. కాని అమెరికాకు వలసపోవుటకు 1934 చట్టము ఆ దీవులన్నింటికిని యేటికి ఇచ్చిన స్థానములు 50. 1946లో అవి 100 ఆయెను. మన హిందూదేశమునకును ఆ చట్టము తోడనే లభించినవి 100. కోట్లకొలది జనులున్న దేశమునకు నూరు స్థానములు! చదువు నేర్పిన చేయియే తలుపు మూసినదన్నమాట.

రెండవ మహాయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా ఆసుపత్రులలో నర్సుల కొరత మిక్కుటమయ్యెను. 1948లో ఒక వినిమయ పథకము ఏర్పడెను. పరదేశపు యువజనులు రెండేండ్లు వచ్చి విద్య నభ్యసించి, తిరిగి స్వదేశమునకు బోవలెననునది దాని నియమము. నర్సులు అభ్యాసకులను పేరుతో వచ్చిరి. జీతమునకు మారుగా స్వల్పమైన భృతి ముట్టెను. 1956 మొదలు 1969 వరకు ఈ దారిని వెళ్లిన ఫిలిప్పీను నర్సులు 11,000కు మించిరి. కొన్ని ఆసుపత్రులు నిజముగానే విద్య చెప్పినవి. పెక్కు ఆసుపత్రులు వారిచేత పూర్తి నర్సు పనిని చేయించుకొని అభ్యాసకుల భృతినే ఇచ్చినవి. గురువుగారి గోవులను గాచిన ఉపమన్యువు కథ మన మెరుగుదుము. అతనికి తుదకు విద్య దక్కినది. ఈ పిల్లలలో ఎందరికో గోవులను గాచుటయే మిగిలినది.

1965 అక్టోబరు 3వ తేదీన అధ్యక్షుడు జాన్సను క్రొత్త వలసచట్టముపై చేవ్రాలు చేసెను. జాతినిబట్టి స్థానములు పంచు పాత లెక్క పోయినది. ఆసియా దేశములకును ఒక్కొక్కదానికి యేటికి 20,000 వరకు స్థానములు కలిగెను. వృత్తివిద్య గలవారికి ప్రత్యేక వరుస యొకటి ఏర్పడెను. వీసా తలుపు బార్లా తెరచినట్లాయెను. మనీలానుండి నర్సులు వేలకొలది ప్రయాణము కట్టిరి.

అక్కడ దిగిన పిదప రెండవ తలుపు కనబడెను. వైద్యము, శస్త్రచికిత్స, ప్రసూతి, శిశుసంరక్షణ, మానసికరోగములు అను ఐదు భాగములు గల పరీక్షను రాష్ట్ర బోర్డు ఎదుట నెగ్గిననే లైసెన్సు. అంతవరకు తాత్కాలికానుమతి. పరదేశమునుండి వచ్చినవారిలో అధికసంఖ్యాకులు ఆ పరీక్షలో తప్పిరి. స్వదేశమున రోగులకు సేవచేసి పేరు గాంచిన నర్సు ఇచట సహాయకురాలి పనిలో, సహాయకురాలి కూలికి కుదురవలసివచ్చెను. తాత్కాలికానుమతి రద్దయినచో వీసాయు కదలును. దేశమునుండి పంపివేయుదుమను తాఖీదులును వచ్చెను. ఈ పరీక్ష తమ దేశపు అలవాట్లను ఎరిగినవారికే అనువుగా కట్టబడినదని నర్సులు సంఘములుగా చేరి ఆక్షేపించిరి. అప్పుచేసి పంపిన తల్లిదండ్రుల స్థితిని వేరుగా వర్ణింప పనిలేదు.

దీనికి విరుగుడుగా 1977లో సి.జి.ఎఫ్.ఎన్.ఎస్. అను సంఘము పుట్టెను. అమెరికా నర్సుల సంఘమువారును, నర్సింగు విద్యాసమితివారును కలిసి స్థాపించినదిది. అభ్యర్థిని స్వదేశము విడువకముందే అక్కడనే పరీక్షించి, రాష్ట్ర పరీక్షలో నెగ్గగలదో లేదో తేల్చుట దాని పని. 1978 మొదలు ఈ పరీక్షలు సాగెను. ఉన్న రెండు తలుపులు చాలక మూడవది పెట్టిరని నాడు కొందరు వాపోయిరి. నా మట్టుకు నేను దీనిని మేలనియే తలచెదను. తప్పుట యెటులైనను తప్పనిచో, పరాయి దేశమున అప్పుల నడుమ తప్పుటకంటె ఇంటివద్ద తప్పుట మేలు.

రాష్ట్ర పరీక్ష 1982లో ఎన్‌క్లెక్స్ అను క్రొత్త రూపము దాల్చినది. 1994లో అది కంప్యూటరుపైకి ఎక్కెను. దాని రీతి మన పరీక్షలను ఎరిగినవారికి వింత గొలుపును. సరియైన జవాబు వచ్చినచో యంత్రము అంతకంటె కఠినమైన ప్రశ్న వేయును. తప్పినచో సులభమైనది వేయును. అభ్యర్థిని సామర్థ్యము తనకు నిశ్చయమైనంతనే ఆపివేయును. 2023నుండి ప్రశ్నలు తక్కువ పక్షము 85, ఎక్కువ పక్షము 150. 85వ ప్రశ్నకే ఆగినదని సంతసింపరాదు, దుఃఖింపరాదు. నెగ్గినవారికిని, తప్పినవారికిని అట్లు ఆగును.

పరీక్ష దారి ఈ విధముగా సుగమమగుచుండగా వీసా తలుపు బిగియసాగెను. నర్సుల కొరత తీవ్రమైనప్పుడు 1989లో ఐదేండ్లకని ప్రత్యేక వీసా నొకదానిని కల్పించిరి. 1995లో అది ముగిసెను. 1999లో మరియొకటి కల్పించిరి. అది యేటికి 500 మందికి. అందులకు అర్హములైన ఆసుపత్రులు దేశమంతటను 14. దాహముగొన్నవానికి ఉద్ధరిణెతో నీరు పోసినట్లున్నది. నడుమ 1996 చట్టము వీసాస్క్రీన్ అను ధ్రువపత్రమును తప్పనిసరి చేసెను. చదువు, స్వదేశపు లైసెన్సు, ఇంగ్లీషు భాషాజ్ఞానము సరియైనవని తెలుపు పత్రమది. ఇందులకు కావలసిన మార్కుల వివరములను పాఠశాలయు, లైసెన్సు వివరములను మన నర్సింగు కౌన్సిలును నేరుగా పంపవలెను. అభ్యర్థిని తన చేతితో పంపిన చెల్లవు. అందుచేత పాఠశాల మూతపడినచో ఆ కాగితముల కొరకు పడు పాట్లు ఇంతింత కాదు.

2005లో ఎన్‌క్లెక్స్‌ను అమెరికా వెలుపల గూడ వ్రాయు వీలు కలిగెను. ఆ యేడే నర్సులు మున్నగువారికని 50,000 వీసాలు అదనముగా విడుదల కాగా, ఫిలిప్పీనులో వైద్యులు సైతము నర్సు చదువులో చేరిరి. రెండు తలుపులును కలిసి తెరచుకొన్న అరుదైన ఘడియ యిది. ఆ వీసాలు 2006 ముగియకముందే చెల్లిపోయెను. అదే సంవత్సరము జూనులో ఆ దేశపు నర్సు పరీక్షలో ప్రశ్నలు ముందుగా బయటపడెను. అందు నెగ్గినవారు సుమారు 17,000 మంది. వారందరును రెండు భాగములను మరల వ్రాసిననే వీసాస్క్రీన్ ఇత్తుమని 2007లో సి.జి.ఎఫ్.ఎన్.ఎస్. నిర్ణయించెను. దొంగిలించిన ప్రశ్నలను కంట చూడని పిల్లలుగూడ ఆ శిక్షను అనుభవించిరి.

ఇక మన సంగతి. నేడు మన అమ్మాయి ఎన్‌క్లెక్స్‌ను హైదరాబాదులోనే వ్రాసి నెగ్గవచ్చును. లైసెన్సు తలుపు ఇంటి ముంగిటికే వచ్చినది. కాని ఉద్యోగముపై శాశ్వతముగా వలసపోవువారికి ప్రపంచమునకంతటికి యేటికి ఉన్న వీసాలు సుమారు 1,40,000. ఏ యొక్క దేశమునకును నూటికి 7 పాళ్లకు మించి సాధారణముగా ఇయ్యరు. ఇది 1990 చట్టము. లెక్క పుట్టిన దేశమును బట్టి గాని పౌరసత్వమును బట్టి కాదు. మనదేశపు వరుసలో నర్సులతో పాటు ఇతర వృత్తులవారును కిక్కిరిసియున్నారు. 2024 అక్టోబరులో ఆ వరుసలో వీసాకు పిలుపందినవారు 2012 నవంబరు 1వ తేదీకి ముందు దరఖాస్తు పడినవారు మాత్రమే. ఇరువదిరెండేండ్ల యీడున వరుసలో నిలిచిన పిల్లకు ముప్పదినాలుగు వచ్చియుండును. ఫిలిప్పీను పిల్లకు వరుస ఇంతకంటె చాల చిన్నది. ఇరువురును వ్రాసిన పరీక్ష ఒక్కటే.

వరుసలో నిలిచియుండగా కాగితములకును వయస్సు మీరును. ఇంగ్లీషు పరీక్షాఫలితము రెండేండ్లు, వీసాస్క్రీన్ ఐదేండ్లు మాత్రమే చెల్లును. పిలుపు వచ్చునాటికి అవి చెల్లనిచో మరల రుసుము కట్టి తెచ్చుకొనవలెను.

గల్ఫు మున్నగు 18 దేశములకు నర్సులను ప్రభుత్వసంస్థల ద్వారానే పంపవలెనని మన ప్రభుత్వము 2015లో ఉత్తరువు చేసెను. తరువాత తెలుగు రాష్ట్రముల సంస్థలకును ఆ అధికారము కలిగెను. అమెరికా ఆ జాబితాలో లేదు. అందుచేత అమెరికా పేరు చెప్పి ఇంటికి వచ్చినవానిని ప్రశ్నించు భారము మనమీదనే యున్నది. అతడు పరీక్షను గూర్చి చెప్పుచుండగా మీరు వీసాను గూర్చి అడుగుడు. ఆసుపత్రివారు అమెరికా ప్రభుత్వమునకు అమ్మాయి పేర దరఖాస్తు పెట్టిరా, ఏ తేదీన అది చేరినది, ఆ తేదీ గల కాగితము ఏది యని అడుగుడు. ఆ తేదీయే వరుసలో ఆమె స్థానము. దరఖాస్తు ఆమోదము పొందియున్నచో, తరువాత వేరొక ఆసుపత్రివారు పిలిచినను ఆ పాత తేదీ సాధారణముగా ఆమెతోనే పోవును. కావున ఆ కాగితపు నకలును దళారి పెట్టెలో గాక మీ యింటి పెట్టెలో ఉంచుకొనుడు.