ఇంటికి ప్రెషర్ వాషర్ అవసరమా? ధర కన్నా ముందు తేల్చుకోవలసింది నీటి లెక్క

వానాకాలం ముగిసే నాటికి డాబా మీద పాకుడు పడుతుంది, ప్రహరీ గోడపై నల్లని చారలు తేలతాయి, కారు చక్రాల లోపలి వైపు బురద గట్టిపడుతుంది. గంటల తరబడి పీచుతో రుద్దినా వదలని ఈ మురికిని సన్నని నీటి ధార క్షణాల్లో చెక్కివేస్తున్నట్లు చూపే వీడియోలు ప్రెషర్ వాషర్‌కు పెద్ద ప్రచారంగా మారాయి. ఒకప్పుడు వాహనాల వాటర్ సర్వీసింగ్ కేంద్రాలకే పరిమితమైన ఈ యంత్రం ఇప్పుడు ఐదారు వేల రూపాయల నుంచి ఆన్‌లైన్‌లో లభిస్తోంది. పేరున్న సంస్థల గృహ నమూనాలు అంతకన్నా ఎక్కువ ధర పలుకుతాయి. కొన్న ఇళ్లలో కొన్నింటికి ఇది ఏటా ఉపకరిస్తుంది. మరికొన్నింట్లో రెండు మూడు ఆదివారాల తర్వాత మెట్ల కిందికి చేరుతుంది. ఈ తేడాకు యంత్రం నాణ్యత ఒక్కటే కారణం కాదు. ఏ నేలను, ఏడాదికి ఎన్నిసార్లు, ఎక్కడి నీటితో, ఎవరి చేత కడిగించబోతున్నారన్నది అంతకన్నా ముఖ్యం.

యంత్రం చేసే పని

జర్మనీలో ఆల్ఫ్రెడ్ కార్చర్ 1935లో స్థాపించిన సంస్థ 1950లో వేడినీటితో పనిచేసే హై ప్రెషర్ క్లీనర్‌ను రూపొందించింది. ఇళ్లలో వాడదగిన, చేత్తో మోసుకెళ్లగల నమూనాను 1984లో విడుదల చేసింది. ఆ తర్వాత ఎన్నో సంస్థలు ఈ రంగంలోకి వచ్చినా యంత్రం మౌలిక నిర్మాణం పెద్దగా మారలేదు. మోటారు ఒక పంపును నడుపుతుంది, పంపు నీటిని నొక్కుతుంది, సన్నని నాజిల్ ఆ నీటిని వేగంగా బయటికి చిమ్ముతుంది.

పది మీటర్ల ఎత్తున ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటే నేల మీది కుళాయి వద్ద నీటి ఒత్తిడి సుమారు ఒక బార్ ఉంటుంది. గృహ వినియోగ యంత్రాలు దాన్ని దాదాపు వంద బార్ల వరకు పెంచుతాయి. వంద బార్ల వద్ద నాజిల్ దాటే నీటి వేగం లెక్క ప్రకారం గంటకు 500 కిలోమీటర్లు. మురికిని కదిలించేది ఈ వేగమే. యంత్రం వాడే నీటి పరిమాణం మాత్రం తక్కువ. చిన్న నమూనాల్లో అది నిమిషానికి ఐదు నుంచి ఏడు లీటర్లు.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించే బార్ల సంఖ్యను యథాతథంగా నమ్మనవసరం లేదు. దాన్ని సరిచూసేందుకు చిన్న గుణకారం చాలు. బార్లను నిమిషానికి వచ్చే లీటర్లతో గుణించి 0.6తో భాగిస్తే ఆ నీటి ధారకు కావలసిన శక్తి వాట్లలో వస్తుంది. 110 బార్లు, 5.5 లీటర్లు అయితే ఫలితం సుమారు 1,008 వాట్లు. మోటారు, పంపుల్లో పోయే నష్టాన్ని కలుపుకుంటే 1,400 వాట్ల మోటారుకు అది సాధ్యమే. అదే 200 బార్లు, 8 లీటర్లు అని రాసి, పక్కనే 1,800 వాట్లు అని ఉంటే లెక్క కుదరదు. ఆ ధారకే 2,660 వాట్లకు పైగా కావాలి. ఇటువంటి చోట్ల గరిష్ఠ ఒత్తిడి, పని ఒత్తిడి అని రెండు అంకెలు ఉన్నాయేమో చూడాలి. శుభ్రతకు పనికివచ్చేది రెండోదే.

పిస్తోలు ఆకారంలో చేతిలో ఇమిడిపోయే బ్యాటరీ వాషర్లకూ ఇదే పరీక్ష వర్తిస్తుంది. 250 వాట్ల మోటారు నిమిషానికి మూడు లీటర్లు చిమ్ముతుంటే, నష్టమేమీ లేదనుకున్నా ఒత్తిడి 50 బార్లకు మించదు. 21 వోల్టులు, 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది 42 వాట్ అవర్ల శక్తి. అది ఆ మోటారును పది నిమిషాలు నడపగలదు. స్కూటరు దుమ్ము వదిలించడానికి ఇది చాలు. డాబా పాకుడుకు చాలదు.

బకెట్‌తో పోల్చినప్పుడు

ప్రెషర్ వాషర్‌తో ఎంతో నీరు ఆదా అవుతుందని తయారీ సంస్థలు చెబుతాయి. అది అబద్ధం కాదు, కానీ వారు పోల్చేది తోటకు నీళ్లు పట్టే గొట్టంతో. నిమిషానికి 12 లీటర్లు పారే గొట్టాన్ని పది నిమిషాలు వదిలితే 120 లీటర్లు ఖర్చవుతాయి. 6 లీటర్ల యంత్రంతో ట్రిగ్గర్ నొక్కి ఉంచే సమయం ఏడెనిమిది నిమిషాలనుకుంటే ఒక కారుకు 42 నుంచి 48 లీటర్లు సరిపోతాయి. గొట్టం ముందు ఇది పెద్ద పొదుపే.

అయితే భారతీయ నగరాల్లో చాలా కార్లు గొట్టంతో కడిగేవి కావు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉదయాన్నే వచ్చే పనివారు ఒక బకెట్, రెండు గుడ్డలతో కారు తుడిచి వెళ్తారు. 15 లీటర్ల బకెట్లు రెండు వాడినా 30 లీటర్లే. ఆ ఇంట్లో యంత్రం కొంటే నీటి వాడకం తగ్గదు, పెరుగుతుంది. అటువంటి కుటుంబం నీటి పొదుపు కోసం దీన్ని కొంటున్నామని చెప్పుకోవడానికి ఆధారం లేదు.

డాబా విషయంలో లెక్క ఇంకా పెద్దది. 1,200 చదరపు అడుగుల డాబాపై చదరపు అడుగుకు పది సెకన్లే పట్టిందనుకున్నా పని పూర్తికావడానికి మూడు గంటల ఇరవై నిమిషాలు కావాలి. నిమిషానికి 6 లీటర్ల చొప్పున అది 1,200 లీటర్లు. పట్టణాల్లో ఒక మనిషికి రోజుకు 135 లీటర్లు అందించాలన్నది ప్రభుత్వ ప్రమాణం. అంటే ఆ ఒక్క పనికి దాదాపు తొమ్మిది మంది ఒక రోజు వాడుకోవలసిన నీరు పోతుంది. విద్యుత్ ఖర్చు మాత్రం స్వల్పం. 1,500 వాట్ల యంత్రం అంతసేపు నడిస్తే అయ్యేది ఐదు యూనిట్లు. ట్యాంకర్ నీటిపై ఆధారపడిన కాలనీల్లో ఖర్చంతా ఎక్కడుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

నీటి కొరత ముదిరినప్పుడు ఇది ఇంటి లెక్కతో ఆగదు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి వాహనాలు కడగడానికి, తోటలకు, నిర్మాణాలకు, ఫౌంటెన్లకు తాగునీటి వాడకాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. తొలి కొద్ది రోజుల్లోనే 22 ఇళ్ల నుంచి 1.1 లక్షల రూపాయలు వసూలు చేసింది. అదే ఏడాది మే నెలాఖరున ఢిల్లీ ప్రభుత్వం గొట్టాలతో కార్లు కడగడం, ట్యాంకులు పొంగి పొర్లనివ్వడం వంటి వృథాపై 2,000 రూపాయల జరిమానా విధించాలని, తనిఖీకి 200 బృందాలను నియమించాలని జల్ బోర్డును ఆదేశించింది. యంత్రం తక్కువ నీరు వాడుతుందన్న వాదన ఇటువంటి ఆదేశాల ముందు నిలవదు, ఎందుకంటే నిషేధం తాగునీటి మీద, కడిగే పద్ధతి మీద కాదు. వాననీరు పట్టి ఉంచే సంపు ఉన్న ఇళ్లకు ఈ విషయంలో వెసులుబాటు ఎక్కువ.

ఏ నేలకు పనికివస్తుంది

పార్కింగ్ టైల్స్, గట్టి కాంక్రీటు, గ్రానైట్ మెట్లు, ఇనుప గేట్లు, ప్లాస్టిక్ కుర్చీలు, దోమతెరల చట్రాలు, ద్విచక్ర వాహనాల మడ్‌గార్డులు ఈ ధారకు తట్టుకుంటాయి. కోస్తా జిల్లాలు, కేరళ, కొంకణ ప్రాంతాల్లో నడవలు, డాబా మెట్లు ఏటా పాకుడు పట్టి జారుడుగా మారతాయి. పెద్దవారున్న ఇంట్లో అది తుంటి ఎముకకు ముప్పు. ప్రెషర్ వాషర్ కొనడానికి ఉన్న కారణాల్లో అన్నిటికన్నా బలమైనది ఇదే.

పాత ఇళ్ల సున్నం డాబాలు, పెంకుల కప్పులు, డిస్టెంపర్ గోడలు ఈ ధారను భరించవు. డాబాకు వేసిన వాటర్‌ప్రూఫ్ పూత అప్పటికే పగిలి ఉంటే నీరు ఆ పగుళ్లలోకి దూరి పూతను పొరలుగా లేపుతుంది. టైల్స్ మధ్య సందుల్లోని సిమెంటు కొట్టుకుపోతుంది. ఏసీ వెలుపలి యూనిట్ రెక్కలు సన్నని అల్యూమినియంతో చేసినవి కనుక ఒక్క తాకిడికే వంగిపోతాయి. సౌర ఫలకాలను మెత్తటి బ్రష్, మామూలు నీటితోనే శుభ్రం చేయాలి. కారు టైరు పక్కభాగం, ఇంజను వద్ద ఉండే విద్యుత్ తీగల జాయింట్లు కూడా ధారకు దూరంగా ఉండవలసినవే.

ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల సంగతి వేరు. దేశంలో షెడ్లకు, వరండాలకు, చిన్న ఇళ్ల కప్పులకు ఇవి విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. వాటి మీద నాచును ప్రెషర్ వాషర్‌తో కడిగితే పైపొర ఛిద్రమై ఆస్బెస్టాస్ నారలు నీటితో పాటు చుట్టూ చిందుతాయి, ఎండిన తర్వాత గాలిలో కలుస్తాయి. ఆ నారలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, మెసోథెలియోమాకు కారణమవుతాయి. వాటిపై ఈ యంత్రాన్ని ఏ పరిస్థితిలోనూ వాడరాదు.

ఒత్తిడిని తగ్గించుకునే వీలు నాజిల్ ఇస్తుంది. చాలా యంత్రాల్లో ఎరుపు రంగుది సున్నా డిగ్రీల సూది ధార, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40 డిగ్రీల విసనకర్ర ఆకారపు ధార. ఇంటి పనులకు ఆకుపచ్చ, తెలుపు సరిపోతాయి. ఎర్రదాన్ని పెట్టెలోనే ఉంచడం మేలు.

కుళాయి పరీక్ష

వాషర్ పనిచేయడం లేదన్న ఫిర్యాదుకు తరచూ మూలం యంత్రం కాదు, దానికి అందే నీరు. పంపు లాగేంత నీరు కుళాయి ఇవ్వకపోతే లోపల గాలి బుడగలు ఏర్పడి, ధార తెగి తెగి వస్తుంది, కొంతకాలానికి సీళ్లు పాడవుతాయి. కొనకముందే 15 లీటర్ల బకెట్‌ను ఆ కుళాయి కింద పెట్టి గడియారం చూస్తే చాలు. నిండడానికి రెండు నిమిషాలకు మించి పడితే నిమిషానికి 7 లీటర్ల యంత్రానికి ఆ కుళాయి సరిపోదు.

డాబా మీద మరో చిక్కు ఉంది. ట్యాంకు అక్కడే రెండు మీటర్ల దిమ్మె మీద ఉంటుంది కాబట్టి కుళాయి వద్ద ఒత్తిడి 0.2 బార్ మాత్రమే. పాకుడు ఎక్కువగా పట్టే చోటే నీటి తోపు అతి తక్కువ. అందుకే డ్రమ్ము నుంచి తానే నీటిని లాగుకోగల సెల్ఫ్ సక్షన్ సౌకర్యం భారతీయ ఇళ్లకు అదనపు హంగు కాదు, ప్రధాన అవసరం. బోరు నీటిలో ఇసుక సీళ్లను గీరుతుంది, కాఠిన్యం నాజిల్ రంధ్రాన్ని పూడుస్తుంది. లోపలికి నీరు వెళ్లే చోట జల్లెడ ఉండాలి, దాన్ని ప్రతిసారీ కడగాలి.

ఎవరి చేతిలో ఉంటుంది

యంత్రాన్ని ఎంచుకునేది యజమాని. దాన్ని పట్టుకుని నిలబడేది చాలా ఇళ్లలో కాపలాదారో, పనిమనిషో. వాడుక సూచనల పుస్తకం వారి చేతికి రాదు. హవాయి చెప్పులతో, తడి నేల మీద, ఎక్స్‌టెన్షన్ బాక్సును పక్కనే పెట్టుకుని వారు పని చేస్తారు. ప్రమాదం ఇక్కడ రెండు వైపులా ఉంది.

మొదటిది విద్యుత్తు. ఎర్తింగ్ ఉన్న సాకెట్, ఆ సర్క్యూట్‌పై 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని ఇంట్లో యంత్రం ధరకు ముందు ఎలక్ట్రీషియన్ ఖర్చు లెక్కించాలి. మామూలు ఎంసీబీ అధిక విద్యుత్తును, షార్ట్ సర్క్యూట్‌ను ఆపుతుంది కానీ మనిషి గుండా లీకయ్యే స్వల్ప విద్యుత్తును గుర్తించదు. ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైతే దాని జాయింటు నేల మీద కాకుండా ఎత్తున, పొడిగా ఉండాలి.

రెండోది ధార. దగ్గరి నుంచి చర్మానికి తగిలితే పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది. లోపల మాత్రం నీరు, మురికి కండరాల మధ్యకు చొచ్చుకుపోయి ఉండవచ్చు. నొప్పి తక్కువగా ఉన్నా దీన్ని అత్యవసర పరిస్థితిగా భావించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆలస్యమైతే వేలు కోల్పోయే స్థితి వస్తుంది. ధారతో కాళ్లు కడుక్కోవడం, పిల్లల మీద సరదాగా చిమ్మడం, పెంపుడు కుక్కకు స్నానం చేయించడం ఇందుకే తగవు. వేళ్లు మూసే బూట్లు, కళ్లద్దాలు పనిచేసే వారికి కొనివ్వవలసినవి.

మరి కొనాలా

సొంత ఇల్లు, రెండు వాహనాలు, ఏటా పాకుడు పట్టే సిమెంటు ఆవరణ, సొంత బోరు లేదా వాననీటి సంపు ఉన్నవారికి 1,400 నుంచి 1,800 వాట్ల యంత్రం డబ్బుకు తగిన పని చేస్తుంది. ఏడాదికి రెండుసార్లు మాత్రమే అవసరమయ్యే వారు అద్దెకు తెచ్చుకోవడమో, నాలుగిళ్లవారు కలిసి ఒకటి కొనుక్కోవడమో మంచిది. అపార్ట్‌మెంట్ ఫ్లాటులో ఉంటూ ఒక్క కారు కోసం కొనడం దండగ. చిన్న డాబాపై పాకుడుకు బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీరు చల్లి, కాసేపు ఉంచి, గట్టి బ్రష్‌తో రుద్దితే చాలా వరకు వదులుతుంది. దానితో యాసిడ్‌ను కానీ, టాయిలెట్ క్లీనర్‌ను కానీ కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది కనుక ఆ రెండింటినీ దగ్గరికి రానీయకూడదు. ఏసీ నీరు కారే మూల, నీడపడే ఉత్తరపు గోడ వంటి చోట్ల తేమను ఆపకపోతే ఏ యంత్రంతో కడిగినా వచ్చే వానాకాలానికి పాకుడు తిరిగి వస్తుంది.

కొనడానికే నిశ్చయించుకున్నవారు బార్ల పోటీని పక్కనపెట్టి మోటారు, పంపుల గురించి అడగాలి. కార్బన్ బ్రష్‌ల మోటారు తేలికైనది, చవకైనది, ధ్వని ఎక్కువ, బ్రష్‌లు అరిగితే మార్చాలి. ఇండక్షన్ మోటారు బరువు, ధర రెండూ ఎక్కువే అయినా నిశ్శబ్దంగా, ఎక్కువ కాలం నడుస్తుంది. పంపు తల ప్లాస్టిక్‌దా, అల్యూమినియందా, ఇత్తడిదా అన్నది మన్నికను నిర్ణయిస్తుంది. గన్, గొట్టం, ఓ-రింగులు విడిగా దొరుకుతాయా, సర్వీసు కేంద్రం ఏ ఊళ్లో ఉందన్నది చెల్లింపుకు ముందే తెలుసుకోవాలి. గృహ వినియోగ వారంటీ సాధారణంగా వ్యాపార వాడకానికి వర్తించదు.

పని ముగిశాక ముందు మోటారు ఆపి, కుళాయి కట్టి, తర్వాత ట్రిగ్గర్‌ను మరోసారి నొక్కాలి. స్విచ్ తీసేసినా గొట్టంలో ఒత్తిడి మిగిలే ఉంటుంది.