ఓడ చాటున దాడి

శత్రువును పక్కనుంచి కొట్టాలంటే ముందు ఆ పక్కకు వాడి కంటపడకుండా చేరాలి. నేలమీద అందుకు ఏదో ఒక చాటు దొరుకుతుంది. అమెరికా అంతర్యుద్ధంలో, 1863 మే 2న, ఛాన్సలర్స్‌విల్ దగ్గర దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్‌కు అడవి దొరికింది. దాదాపు 28,000 మందిని 12 మైళ్లు చెట్ల మధ్య నడిపించి, సాయంత్రం వేళకు ఉత్తరాది సైన్యం కుడి కొసమీద విరుచుకుపడ్డాడు. అక్కడివాళ్లు తుపాకులు పక్కన పెట్టి వంటల్లో ఉన్నారు. ముందు జింకలూ కుందేళ్లూ బెదిరి అడవిలోంచి బయటికి దూకాయి. వాటి వెనకే జాక్సన్ మనుషులు. క్రీ.పూ. 216లో కానే మైదానంలో కార్తేజ్ సేనాని హానిబాల్‌కు ఆ అడవి కూడా లేదు. నడుమ నిలిపిన కాల్బలాన్ని మెల్లగా వెనక్కి తగ్గనిచ్చాడు. 80,000 దాకా ఉన్న రోమన్లు గెలుస్తున్నామన్న ఊపులో లోపలికి చొచ్చుకొచ్చారు. అప్పుడు రెండు పక్కల ఆఫ్రికా కాల్బలం, వెనకనుంచి గుర్రపుదళం వచ్చి మూసేశాయి.

అంతరిక్షంలో చెట్టూ గుట్టా ఏముంటాయి? కుడి, ఎడమ, పైన, కింద అన్న తేడాయే లేదు. స్పేస్ ఆపెరా రాసేవాళ్లకు ఇది నిజంగా పెద్ద చిక్కు. 1977 నాటి మొదటి స్టార్ వార్స్ సినిమా ఆ జోలికే పోలేదు. జార్జ్ లూకాస్ పాత యుద్ధ చిత్రాల్లోని విమానాల ముక్కలు ఏరి, అతికించి, వాటిని చూసి తీయమని ఎఫెక్ట్స్ బృందానికి ఇచ్చాడు. కాబట్టి ఆ సినిమాలో అంతరిక్ష ఫైటర్లు గాలిలో ఎగిరే విమానాల్లాగే వాలతాయి, మలుపు తిరుగుతాయి. 1982లో వచ్చిన రెండో స్టార్ ట్రెక్ సినిమా ఆ చిక్కును నేరుగా పట్టుకుంది. ప్రతినాయకుడు ఖాన్ బల్లపరుపు మైదానంలో పోరాడుతున్నట్టే ఆలోచిస్తున్నాడని కిర్క్ సహచరుడు స్పాక్ పసిగడతాడు. కిర్క్ తన ఓడను కిందికి దించి, ఖాన్ ఓడ పైనుంచి దాటిపోయాక దాని వెనక లేస్తాడు. గొప్ప ఘట్టం. అయితే అది నిజానికి జలాంతర్గాముల యుద్ధం. చుట్టూ నెబ్యులా అనే దట్టమైన మబ్బు ఉండబట్టే సాగింది.

మబ్బు అవసరం లేకుండా పని జరిపించినవాడు తిమోతీ జాన్. 1983లో మూడో సినిమా వచ్చాక స్టార్ వార్స్ కథ చాలాకాలం చల్లబడిపోయింది. 1991లో జాన్ నవల 'హెయిర్ టు ది ఎంపైర్' దాన్ని మళ్లీ లేపింది. సామ్రాజ్యం కూలిపోయి అయిదేళ్లయింది. మిగిలిన నౌకలను గ్రాండ్ అడ్మిరల్ థ్రాన్ కూడగడుతున్నాడు. నవల మొదట్లోనే ఎలోమిన్ జాతివాళ్ల దళం ఒకటి అతని ఓడ 'కిమేరా'కు ఎదురవుతుంది. థ్రాన్ 'మార్గ్ సాబ్ల్' అనే ఎత్తు వెయ్యమంటాడు. ఓడనే అడ్డంపెట్టి, దాని వెనక ఫైటర్లను కనబడకుండా బయటికి వదిలి, అవి అంచుల చుట్టూ తిరిగి ఒక్కసారిగా అన్ని వైపులనుంచీ ముందుకు రావాలి. పక్కన పనిచేసే కెప్టెన్ పెలియన్ అనుభవజ్ఞుడు. తెలివైన శత్రువు దీన్ని చీల్చిపారేస్తాడని అభ్యంతరం చెబుతాడు. థ్రాన్ వినడు. ఎత్తు పారుతుంది.

నేను పెరిగింది విశాఖపట్నంలో. నాన్న నేవీలో సిగ్నల్స్ పని చేసేవారు. డిసెంబరు 4 నేవీ డే విన్యాసాలకు మమ్మల్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లేవారు. అందరూ పెద్ద ఓడ కేసి, దాని ఫిరంగుల కేసి చూస్తుంటే, "ఓడని కాదమ్మా, ఓడ వెనకేముందో చూడు" అనేవారు. కాసేపటికి ఆ ఓడ అవతలి వైపునుంచి చిన్న పడవలు నురగ చిమ్ముకుంటూ దూసుకొచ్చేవి. అంత బారు ఇనుము మన కళ్లముందు నిలబడితే సముద్రంలో ఎంత భాగం మనకు కనబడకుండా పోతుందో నాకు అప్పుడే తెలిసింది. జాన్ నవల చదివినప్పుడు మార్గ్ సాబ్ల్ అర్థంకావడానికి నాకు పటం అక్కర్లేకపోయింది. శూన్యంలో చాటు లేకపోతే మన ఓడే చాటు. ఈ ఒక్క ఊహతో అంతరిక్షానికి కూడా పక్క అనేది వచ్చింది. సైనికంగా చూస్తే ఇందులో లోపం వెతకడం కష్టం.

ఎత్తు పారుతుందని థ్రాన్ నమ్మడానికి చెప్పే కారణం దగ్గరే నా పేచీ. అతను ఎలోమిన్ల కళాఖండాలు ముందు పెట్టుకుని చూస్తాడు. వాళ్ల మనసుకు క్రమం కావాలి, క్రమం తప్పిన దాడిని తట్టుకోలేరు అని తేల్చేస్తాడు. పాఠకులు థ్రాన్‌ను ఆరాధించేది ఈ విద్యకే. నాకు మాత్రం అక్కడ ఒళ్లు మండుతుంది. ఎదుటి ఓడలో ఉన్న కెప్టెన్ ఎవరు, ఎన్ని యుద్ధాలు చూశాడు, నిన్న ఏం నేర్చుకున్నాడు అన్నది లెక్కలోకే రాదు. ఫలానా జాతివాడు, కాబట్టి ఇలాగే చేస్తాడు, అంతే. ఇలాంటి లెక్క తెలుగువాళ్ల మీద కూడా నడిచింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి, ఆ తర్వాత 1893 దాకా మొత్తం భారత సైన్యానికి అధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని నమ్మాడు. యుద్ధజాతులంటూ ఉత్తరాన కొన్నింటిని ఎంచుకుని, మద్రాసు సైన్యంలో తెలుగువారి భర్తీని కోసుకుంటూ పోయారు. అంతకుముందు తరాల్లో ఈస్టిండియా కంపెనీకి యుద్ధాలు గెలిచిపెట్టిన సిపాయిల్లో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. జాతిని చూసి మనిషిని తేల్చే చదువు ఎంత సులువుగా గెలుస్తుందో నవల చూపిస్తుంది. అది ఎక్కడ తప్పుతుందో చూపించే పని మాత్రం ఈ యుద్ధంలో జాన్ పెట్టుకోలేదు. పెలియన్ అభ్యంతరం నిజంకావడానికి ఎలోమిన్లలో ఒక్క కొంటె కెప్టెన్ ఉంటే చాలు.

2009 ఫిబ్రవరిలో ఈ ఎత్తు మళ్లీ వచ్చింది, ఈసారి 'ద క్లోన్ వార్స్' యానిమేషన్ సిరీస్‌లో, 'స్టార్మ్ ఓవర్ రైలాత్' భాగంలో. కథాకాలం ప్రకారం ఇది థ్రాన్ యుద్ధానికి మూడు దశాబ్దాల ముందటిది. తర్వాత రాసినది ముందు జరిగినదైంది. 2014లో లూకాస్‌ఫిల్మ్ పాత నవలలన్నిటినీ 'లెజెండ్స్' పేరుతో అధికారిక చరిత్రనుంచి పక్కకు పెట్టింది. ఆ సిరీస్‌ను మాత్రం ఉంచుకుంది. దాంతో ఆ లోకపు చరిత్రలో మార్గ్ సాబ్ల్, సిరీస్‌లో దాన్ని వేసిన అశోకా టానో పేరుమీద నిలబడింది. పద్నాలుగేళ్ల పిల్ల.

నాకు ఆమె ఎత్తే ఎక్కువ నచ్చుతుంది. రైలాత్ గ్రహం చుట్టూ శత్రువు దిగ్బంధం ఉంది; దాన్ని నడిపేవాడు మార్ టూక్ అనే నైమాయిడియన్ జాతివాడు. అశోకా అతని జాతి మనస్తత్వం గురించి ఏమీ మాట్లాడదు. కళ్లముందు పెద్ద ఓడ కనబడితే శత్రువు డ్రాయిడ్ ఫైటర్లు దానిమీదికే ఎగబడతాయి. ఆమెకు అంతమాత్రం చాలు. తానున్న ఓడ 'రెజల్యూట్'ను అడ్డంగా తిప్పించి, దాని మేనునే దెబ్బలకు ఒడ్డి, తన ఫైటర్లను ఆ చాటున దాస్తుంది. డ్రాయిడ్లు దగ్గరపడ్డాక అవి రెండు అంచులనుంచీ వచ్చి చుట్టేస్తాయి. ఓడలో ఉన్నవాళ్లంతా ఆ కాసేపూ దెబ్బలు తింటూ కూర్చోవలసిందే. కానేలో హానిబాల్ నడుమ నిలిపిన గాల్, స్పానిష్ సైనికులు చేసింది ఇదే పని. కార్తేజ్ పక్షాన ఆ రోజు అందరికంటే ఎక్కువమంది చచ్చిపోయింది వాళ్లే. మూసుకొచ్చిన పక్కలకు దక్కిన కీర్తిలో వాళ్లకు వాటా దొరకడం అరుదు.

ఈ ఎత్తు అశోకాకు ఊరికే తట్టలేదు. అదే కథలో కాస్త ముందు, వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చినా వినకుండా తన దళాన్ని నేరుగా శత్రువు ముందుకు తీసుకెళ్లి, చాలామంది పైలట్లను పోగొట్టుకుంది. రెండోసారి అదే దిగ్బంధం మీదికి వెళ్లేటప్పుడు, మిగిలిన పైలట్లకూ డ్రాయిడ్లకూ మధ్య ఆమె తానున్న ఓడను పెట్టింది.